పూత మందమైతే రంగు నిలుస్తుందా?

గుంటూరు మిర్చియార్డులో ఎరుపుకు ధర ఉంది. కొనేవాడు కాయ కారం సంగతి తర్వాత, ముందు రంగు చూస్తాడు. ఎగుమతికి వెళ్లే సరుకైతే ఆ రంగును ఆస్టా అనే కొలమానంతో లెక్కగట్టి మరీ బేరమాడతారు. అంత విలువైన ఎరుపును నిలబెట్టుకోవడానికి రైతుగానీ వ్యాపారిగానీ కాయ మీద ఏదీ పూయడు. కోల్డ్ స్టోరేజీకి అద్దె కట్టి బస్తాలను చీకట్లో, చల్లటి గదిలో పెట్టిస్తాడు. వేడి, వెలుతురు రంగును తినేస్తాయని ఈ నేల మీద ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అసలు కారును కొలత ప్రకారం కుదించి చేసిన స్కేల్ మోడల్‌కు రంగులు వేసి దాచుకునేవారికి మాత్రం ఎప్పుడూ దొరికే సలహా వేరు: పైన క్లియర్, అంటే రంగులేని పారదర్శక పూత, ఇంకో రెండు కోటింగులు కొట్టండి, రంగు కదలదు. ఈ సలహాలో నిజం లేకపోలేదు. కానీ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ఎండలో, ఉక్కలో, దుమ్ములో బొమ్మ మీది సన్నపని నిలిచేది ముఖ్యంగా పూతల వరుస వల్ల, వాటి పలచదనం వల్ల, బొమ్మను ఉంచే చోటు వల్ల. పైపూత మందం చేసే మేలు వీటన్నిటి తర్వాతే వస్తుంది. కొన్నిసార్లు అసలు రాదు.

ముందు లెక్క చూద్దాం. మోడల్ కార్లలో ఎక్కువగా కనిపించే కొలతలు 1:18, 1:24, 1:43, 1:64. 1:24 అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లున్నది బొమ్మలో ఒక్క మిల్లీమీటరు. కారును అలా కుదించవచ్చు గానీ, డబ్బాలోంచి వచ్చే రంగు తనంతట తాను కుదించుకోదు. ఫ్యాక్టరీలో అసలు కారుకు కొట్టే క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లుంటుంది. అదే 50 మైక్రాన్ల పొర 1:24 బొమ్మ మీద పడితే, అసలు కారంతటికీ 1.2 మిల్లీమీటర్ల మందాన గాజు రేకు చుట్టినట్టే. బానెట్‌కూ పక్క రేకుకూ మధ్య సందు అసలు కారులో 4 మిల్లీమీటర్లనుకుంటే 1:24లో అది దాదాపు 167 మైక్రాన్లు. రెండు అంచుల మీదా 50 చొప్పున పేరుకుంటే మిగిలేది 67. 1:43 బొమ్మలో ఆ సందు మొత్తం కలిపి 93 మైక్రాన్లే కాబట్టి అదే పూత దాన్ని నిలువునా పూడ్చేస్తుంది. ఇందులో ప్రైమర్‌నూ రంగునూ ఇంకా కలపనే లేదు. తలుపు పిడి కింద నీడ, గ్రిల్ గళ్లు, డాష్‌బోర్డు అంకెలు, బ్రేకు కాలిపర్ మీద వెంట్రుకంత అక్షరాలు, ఇవన్నీ తమను కాపాడాల్సిన ఆ పూత కిందే కూరుకుపోతాయి.

సన్నపని కాస్త పూడినా సరే, గీతలు పడకపోతే చాలు అనేవారుంటారు. ఆ పనైనా మందం చేస్తుందా అంటే, అవసరమైన చోట చేయదు. తడి రంగు వాడిగా ఉన్న అంచు మీద నిలబడదు. తలతన్యత దాన్ని అంచు నుంచి వెనక్కు లాగి, చదునుగా ఉన్న చోట పోగేస్తుంది. చేతుల్లో నలిగిన, లోహం అచ్చుపోసి చేసిన ఏ పాత డైకాస్ట్ కారునైనా తిప్పి చూడండి. డోరు మధ్యలో రంగు బాగానే ఉంటుంది. చక్రం పైనున్న వంపు, బంపరు కొస, టాపు అంచు దగ్గర లోహం తేలి ఉంటుంది. వేళ్లు తగిలేవి, బల్లకు రాసుకునేవి ఆ అంచులే. ఒకేసారి దండిగా కొట్టిన క్లియర్ మధ్యలో చెరువై, అంచున పొరై మిగులుతుంది. పలచగా, విడతకూ విడతకూ మధ్య ఆరనిస్తూ కొట్టినదే అంచు మీద కాస్త నిలుస్తుంది.

కార్ల రంగుల చరిత్ర కూడా ఇక్కడ కొంత తప్పుదారి పట్టించింది. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ను జనరల్ మోటార్స్ 1923లో ఓక్‌లాండ్ కార్ల మీద వాడటం మొదలుపెట్టాక, వారాలు పట్టే ఆరుదల గంటల్లోకి వచ్చింది. మన ఆటోనగర్లలో కారుకు రంగు వేయడాన్ని ఇప్పటికీ డ్యూకో పెయింటింగ్ అనే అంటారు. రెండు రంగుల కార్ల మోజు వచ్చినప్పుడు రంగుల మధ్య గీత తిన్నగా రాక, అతికించిన కాగితం తీస్తే కింది రంగు ఊడి వస్తుంటే, 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. ఈ రెండూ మోడలర్ బల్ల మీదికీ చేరాయి. వాటితోపాటు ఆటోనగర్ ఆలోచన కూడా చేరింది: పైన దండిగా క్లియర్, ఆపైన వాటర్ పేపర్, ఆపైన బఫింగ్. రోజూ ఎండలో నిలబడి, వానలో తడిసి, గుడ్డతో తుడిపించుకునే అసలు కారుకు అది సబబే. అల్మరాలో కూర్చునే బొమ్మకు ఆ కష్టాలేవీ లేవు. దాని కష్టాలు వేరు.

వాటిలో మొదటిది ఇంటి గొడవే. మోడల్ రంగులు మూడు కుటుంబాలు: ఘాటైన థిన్నర్‌తో కలిసే లక్కర్, నీళ్లతోనో ఆల్కహాల్‌తోనో కలిసే అక్రిలిక్, టర్పెంటైన్ లాంటి నెమ్మదైన నూనెతో కలిసే ఎనామెల్. ఘాటైనది కిందా, నెమ్మదైనది పైనా ఉంటే గొడవ లేదు. తలకిందులైతే పైన పోసిన లక్కర్ క్లియర్‌లోని థిన్నర్ కింది ఎనామెల్‌ను ముడతలు పెట్టి లేపుతుంది, అక్రిలిక్‌తో రాసిన సన్న గీతను కరిగించి పక్కకు ఈడుస్తుంది. చాలా బొమ్మల్లో రంగు చెడేది కాలం వల్ల కాదు, కాపాడదామని పైపూత పోసిన ఆ పది నిమిషాల్లోనే. అందుకే ఏ పైపూత వేయాలన్నది రంగు డబ్బా మూత తీయకముందే తేల్చుకోవాలి. అనుభవమున్నవారు పాటించే క్రమం కూడా ఇదే చెబుతుంది. కారు ఒంటి రంగు ఆరాక పలచని మెరుపు క్లియర్ ఒకటి వేస్తారు. దాని మీద డెకాల్స్, అంటే అక్షరాలు, గుర్తులు అచ్చేసిన పలచటి అతుకులు, అతికిస్తారు. గరుకు తలం మీద అతికిస్తే డెకాల్ కింద గాలి చిక్కి వెండిలా తెల్లగా కనిపిస్తుంది. ఆ తర్వాత సందుల్లోకి పలచటి ఎనామెల్ నలుపు పారిస్తారు. ఎక్కువైంది తుడిచేటప్పుడు టర్పెంటైన్ కింది రంగును ముట్టకుండా ఆ మెరుపు క్లియర్ అడ్డుకుంటుంది. అంటే పూతల్లో బాగా పనిచేసేది అందరికీ కనిపించే చివరి పూత కాదు, పని మధ్యలో వచ్చే ఆ పలచటి పొర. టేపు అంచున కూడా అంతే: కొత్త రంగుకు ముందు అంచు వెంట ఒక విసురు క్లియర్ కొడితే, టేపు కింద ఎక్కడైనా సందుంటే ఆ క్లియరే దాన్ని మూసేస్తుంది, రంగు కిందికి పాకదు. మన వేసవిలో టేపును రాత్రంతా వదిలేయకూడదన్నది జపాన్ నుంచి వచ్చే మోడల్ కిట్ల సూచనల కాగితం చెప్పదు. వేడికి జిగురు మెత్తబడి రంగు మీదే ఉండిపోతుంది.

వాతావరణం దగ్గరికి వస్తే ఈ మైదానాలు మోడలర్‌కు పెట్టే పరీక్ష సామాన్యం కాదు. పల్నాటిలో రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పత్రికల్లోకి ఎక్కేది 45 డిగ్రీలు దాటినందుకే. ఆ గాలిలో ఎయిర్‌బ్రష్ నుంచి వెళ్లిన తుంపర బొమ్మను చేరేలోపే సగం ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. బాపట్ల, చీరాల వైపు ఉక్క ఎక్కువ. వానల రోజుల్లో లక్కర్ కొడితే అందులోని ద్రవం చకచకా ఆవిరవుతూ తలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద వాలి క్లియర్ పాలమీగడలా తెల్లబోతుంది. మిగిలింది సంక్రాంతి చుట్టుపక్కల కాలం. వేడీ లేదు, ఉక్కా లేదు. కానీ పత్తి తీతలు, జిన్నింగు మిల్లుల సందడి, మిరప కోతలు మొదలయ్యేది కూడా అప్పుడే. గాలిలో తేలే పత్తి పోగు ఒకటి తడి క్లియర్‌లో పడితే దాన్ని తీసే ప్రయత్నమే అసలు నష్టం. నల్లరేగడి ధూళి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొట్టిన వెంటనే బొమ్మ మీద ఓ ప్లాస్టిక్ డబ్బా బోర్లించడం ఇక్కడ ఖరీదైన క్లియర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. క్లియర్ ఎన్నిసార్లు కొడితే తడి తలం అన్నిసార్లు ఆ గాలికి ఎదురు నిలబడాలన్నది ఈ వాదనలో చిన్న విషయమేమీ కాదు.

మన బొమ్మల పనివాళ్లు ఈ చిక్కును ఎలా దాటారో చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. కృష్ణ దాటితే కొండపల్లి. అక్కడ తెల్ల పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సుద్ద పూసి ఆరాకే రంగులకు దిగుతారు. అంబారీ ఏనుగు మీది అల్లికైనా, ఎడ్లబండి చక్రం మీది గీతైనా నిలిచేది ముందు కింద పూసిన సుద్ద వల్లే: చెక్క రంగును తాగేయదు, రంగు పట్టు తప్పదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకది రెండో దారి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపెక్కుతుంది. రంగు, రక్షణ ఒకే పొర కాబట్టి పైనుంచి పెచ్చులూడే పూత అంటూ లేదు. సహజ రంగులతో ఆ పనికి మళ్లీ ఊపిరి పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తరిణె మీద తిరిగేవి గుండ్రటివే కాబట్టి కారు డాష్‌బోర్డుకు ఈ పద్ధతి పనికిరాదు. పైగా లక్క ఆల్కహాల్‌కు కరుగుతుంది. శానిటైజర్ తడి చేత్తో ఏటికొప్పాక బొమ్మను పట్టుకుంటే ఏమవుతుందో కరోనా ఏళ్లలో కొన్ని ఇళ్లకు తెలిసే ఉంటుంది. నీళ్లతో, ఆల్కహాల్‌తో కలిసే కొన్ని మోడల్ అక్రిలిక్‌ల గతీ అంతే. అయినా ఈ రెండు ఊళ్లలో ఎక్కడా రక్షణ అంటే చివర్లో గుర్తొచ్చి పైన పోసేది కాదు.

మ్యూజియం పనివాళ్లు ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. పైన వేసే పూత ఏదైనా, కిందిదాన్ని ముట్టకుండా తీసేయగలిగేదై ఉండాలన్నది వాళ్ల నియమం. అందుకే పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఏళ్లు గడిచినా పసుపెక్కదు, అసిటోన్‌తో కరిగించి తీయవచ్చు. అంత మంచి పూతకూ ఒక హద్దుంది. దాదాపు 40 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. లండన్‌లో ఆ ఉష్ణోగ్రత వార్త అవుతుంది, నరసరావుపేటలో అది మామూలు మే నెల మధ్యాహ్నం. మెత్తబడ్డ పూత దుమ్మును తనలోకి పీల్చుకుంటుంది, ఆ దుమ్ము ఇక తుడిస్తే పోదు. చల్లటి దేశాల గదుల్లో నెగ్గిన పూతను తెచ్చుకున్నంత మాత్రాన ఇక్కడా నెగ్గుతుందనుకోవడం పొరపాటు. దీనికి సరిగ్గా ఎదురుగా మన అమరావతి శిల్పాల కథ ఉంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి. పల్నాటి సున్నపురాతి పలకలను బ్రిటిష్ మ్యూజియంలో దశాబ్దాల పాటు మెట్లదారి గోడల మీద పెట్టారు. బొగ్గు పొగతో నిండిన నగరపు గాలి సున్నపురాతికి చెరుపు చేసింది. 1992లో వాటికి గాజు అడ్డం, నియంత్రించిన గాలి ఉన్న గ్యాలరీ కట్టాక గానీ భద్రత కుదరలేదు. రాయి వేరు, రంగు వేరు, నిజమే. కానీ అంత పెద్ద సంస్థ చివరికి నమ్ముకున్నది శిల్పాల మీద పూసే రసాయనాన్ని కాదు, వాటి చుట్టూ ఉన్న గాలిని.

గాజుపెట్టె అనగానే వచ్చే అభ్యంతరం గట్టిదే. ఎండ తగిలే గదిలో మూసిన గాజుపెట్టె పొయ్యిలా వేడెక్కుతుంది. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక వర్గాన్ని ఆపినా మిగతావాటిని చాలావరకు వదిలేస్తుంది. అద్దం వెనక ఉంది కదా అని పడమటి కిటికీ పక్కన పెడితే కొన్ని సేంద్రియ ఎరుపులు, ముఖ్యంగా మెరిసే ఫ్లోరసెంట్ రంగులు వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడు ఎరుపు, మసి నలుపు మాత్రం చలించవు. ఆ మాటకొస్తే ఆ వెలుతురును పైపూత కూడా ఆపదు. అతినీలలోహిత కిరణాలను మింగే క్లియర్లు ఉన్నా, వాటి పని పొర మందం మీద ఆధారపడుతుంది. మందమైతే మళ్లీ మనం లెక్కేసిన పూడికే. లోపలి గోడకు, ఎండ తగలని చోట, ఎల్ఈడీ వెలుతురులో పెట్టడానికి మందంతో పని లేదు. పెట్టె ఖరీదంటారా, బోర్లించిన అక్రిలిక్ డబ్బా చాలు. అక్రిలిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుట్టి దుమ్మును ఇంకా లాక్కుంటుంది, తడిగుడ్డ వాడాలి.

ఇంకో అభ్యంతరం పిల్లల వైపు నుంచి వస్తుంది. బొమ్మంటే ఆడుకోవడానికే కదా, ఆడితే గీసుకుపోతుంది కదా, అప్పుడు మందపాటి పూత వద్దంటే ఎలా? ఆటబొమ్మకూ స్కేల్ మోడల్‌కూ తేడా చూడకపోవడం వల్ల పుట్టిన ప్రశ్న ఇది. ఆటబొమ్మకు రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉండాలి, లేదా ఏటికొప్పాకలో లాగా పొరంతా రంగే కావాలి. గీసుకున్నా కింద అదే రంగు కనిపిస్తుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే అసలు ప్రశ్న పూత గట్టిదనం కాదు, కింద ఏ రంగుందన్నది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016 నిబంధనలు, బొమ్మలన్నిటికీ బీఐఎస్ గుర్తు ఉండాలని 2021 జనవరి 1 నుంచి అమలైన ఉత్తర్వు వచ్చింది అందుకే. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి తర్వాత మినహాయింపు ఇచ్చారు. సీసమున్న పాత రంగు మీద ఎంత క్లియర్ పోసినా అది పళ్ల కింద నలిగే పొరే.

అన్నిటికన్నా పదునైన వాదన టూ-కే క్లియర్ వాడేవారిది. రెండు భాగాలు కలిపి కొట్టే ఆ క్లియర్ పలచగా ఉండీ గట్టిగా ఉంటుంది, థిన్నర్‌కు కరగదు, బంగారంలా మెరుస్తుంది. ఒప్పుకోవాల్సిందే. మోడల్ కారు ఒంటికి, అంటే సన్నపని లేని రేకు భాగాలకు, దానికి సాటి వచ్చేది తక్కువ. కానీ దాని గట్టిదనానికి మూలమైన ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను శాశ్వతంగా చెడగొట్టగలవు. మొహానికి చేతిరుమాలు కట్టుకుని పడకగదిలో కొట్టే పని అది కాదు. సరైన రక్షణ తొడుగు, గాలి బయటికి లాగే ఏర్పాటు లేకపోతే ముట్టకపోవడమే మంచిది. పైగా దాన్ని మళ్లీ తీయలేం. కింద డెకాల్ పసుపెక్కినా, ఓ గీత తప్పు పడిందని తర్వాత తెలిసినా సరిదిద్దే దారి ఉండదు. ఒంటి మీద వేసి లోపలి భాగాల జోలికి పోకుండా ఉంటే సరిపోతుంది.

అసలు ఏ పూతా తగలకూడని చోట్లూ ఉన్నాయి. అద్దంలా మెరిసే క్రోమ్ రంగు మీద క్లియర్ పడిందంటే చాలావరకు బూడిదవర్ణపు వెండిగా మారుతుంది. దాన్ని చివర్లో వేసి ముట్టకుండా వదలడమే రక్షణ. స్పీడోమీటర్ డయల్ మీద మాత్రం సూదిమొనతో ఒక్క చుక్క క్లియర్ పెడితే అద్దం పెట్టినట్టుంటుంది, అంకెలూ భద్రం. ఈ ఉపాయం చవకదే అయినా మహా బాగుంటుంది. మెత్తటి వినైల్ టైర్ల సంగతి వేరే. వాటిలోని మెత్తదనపు నూనె ఏళ్ల మీద బయటికి ఊరి, ఆనుకున్న రంగునూ పాలీస్టైరిన్ చక్రాన్నీ కరిగిస్తుంది. వేడి గదిలో ఇంకా త్వరగా. చక్రం లోపలి అంచుకు పలచని అల్యూమినియం రేకు చుట్టి టైరు తొడగడం ఒక మందు. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు చేరిన పాత డైకాస్ట్ లోహమైతే లోపలే ఉబ్బి పగులుతుంది, దానికి ఏ పైపూతా మందు కాదు.

రంగు లేచిన పాత బొమ్మ చేతికి దొరికితే మొత్తం గీకి కొత్త రంగు వేయాలన్న ఆరాటం సహజం. డింకీ అనే బ్రిటిష్ బ్రాండు బొమ్మ కార్ల పాత అచ్చులతో కలకత్తాలో నిక్కీ టాయ్స్ పేరుతో తీసిన కార్లు ఇప్పటికీ కొన్ని ఇళ్ల అటకల మీద ఉంటాయి. సేకరించేవారు వాటిలో గీతలు పడ్డ అసలు రంగుకే ఎక్కువ విలువ కడతారు, మళ్లీ రంగేసినదానికి తక్కువ. కొత్తగా చేసేవారు కారు కింద భాగంలో, కనిపించని చోట, ఓ చిన్న చీటీ అతికిస్తే మంచిది: ప్రైమర్ ఏది, రంగు ఏ కుటుంబానిది, పైపూత ఏది, దేనితో తుడిస్తే ఏది కరుగుతుంది, ఏ నెలలో వేశారు. పాతికేళ్ల తర్వాత ఆ బొమ్మను తుడవబోయే మనిషి ముందు వెతికేది ఆ వివరాలే. చీటీ మీద రాసేది పెన్సిల్‌తో అయితే ఎండకూ వెలవదు, థిన్నర్‌కూ కరగదు.